ఖర్జూరం డబ్బాలో ఐదు ఖోకాలు

గల్ఫులో ఏం పని చేశావని ఊళ్ళో ఎవరడిగినా తూటాలు నింపానని చెప్తాను. ఎవరూ నమ్మరు. "దుబాయ్‌ల గివి గుడ చేపిస్తరా?" అని నవ్వుతారు. నేను పోయింది దుబాయికి కాదు, ఖతర్‌కని చెప్పీ చెప్పీ నోరు నొచ్చి ఆ సంగతి ఎప్పుడో వదిలేశాను. కానీ మొన్న, వీసా చేతికొచ్చిన కుర్రాళ్ళిద్దరు నా దగ్గరికొచ్చి, "పెద్దనాయినా, ఆడ పైవోడు చెప్పినట్టు చేస్తే ఏ లొల్లి ఉండదంట గద" అన్నారు. ఒళ్ళు మండింది. ఆ మంట మీదే ఇది రాస్తున్నాను. పైవాడు చెప్పినట్టు చేసి నేనేం వెలగబెట్టానో చదవండి. ఆ తరవాత మాట్లాడుదురు గాని.

మొదట్లో నాది బిల్డింగు సైట్లలో పని. నడుము పట్టేశాక కంపెనీ నన్ను ఊరికి దూరంగా, ఇసుకలో ఉన్న ఒక షూటింగ్ క్లబ్బుకు పంపింది. అనుమతులున్న క్లబ్బు, డబ్బున్న మెంబర్లు. నా చేతికిచ్చింది చీపురు. పేలిన తూటా తొడుగును అక్కడ అన్ని దేశాలవాళ్ళమూ ఖోకా అనేవాళ్ళం. ఆ ఇత్తడి ఖోకాలు ఊడ్చి బకెట్లకెత్తడం నా డ్యూటీ.

ఊడ్చేవాడికి తెలివితేటలేం ఉంటాయిలే అనుకుంటారు జనం. నాలుగేళ్ళు ఊడ్చి చూడండి, తెలుస్తుంది. పిస్తోలు పేలిన ప్రతిసారీ ఖోకాను కుడిపక్కకు విసురుతుంది. అదే పిస్తోలు, అదే రకం తూటా అయితే ఖోకాలన్నీ ఇంచుమించు ఒకే చోట పడతాయి. మా లోపలి రేంజిలో నేల మీద ఒక పసుపు గీత ఉండేది. కుప్ప ఎప్పుడూ ఆ గీతకు ఇవతలే. ఒకరోజు మా ఆర్మరర్‌తో, అంటే తుపాకులు బాగుచేసే పెద్దాయనతో, "ఇయ్యాల కుప్ప జరిగింది సార్" అన్నాను. ఆయన చేస్తున్న పని ఆపి నా ముఖంలోకి చూశాడు. మర్నాటి నుంచి నన్ను తన గదిలో కూర్చోబెట్టుకున్నాడు.

ఆయనది శ్రీలంక. సైన్యంలో చేసి వచ్చినవాడు. హిందీ, ఇంగ్లీషు, తమిళం కలగాపులగంగా మాట్లాడేవాడు. నేను ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. మెంబర్ల ప్రాక్టీసు కోసం ఖాళీ ఖోకాలను మళ్ళీ నింపడం ఆ గదిలో జరిగే పని. ఖోకా అడుగున నిప్పు రాజేసే చిన్న బిళ్ళ, ప్రైమర్, పాతది తీసి కొత్తది గుచ్చాలి. తుపాకిమందు కొలిచి పొయ్యాలి, సీసపు గుండు బిగించాలి. చెయ్యి తిరిగితే తేలికే. కష్టమైంది చెయ్యి కాదు, కన్ను.

మందు ఎక్కువైతే లోపల ఒత్తిడి పెరుగుతుంది, ఖోకా ఇంకా దూరం ఎగురుతుంది. పెరిగిందని ఖోకా చెప్తుంది. అడుగున గుండ్రటి అంచుతో ఉండాల్సిన ప్రైమర్ బిళ్ళ నొక్కేసినట్టు చదునౌతుంది. పిస్తోలు సూది పొడిచిన గుంట చుట్టూ గట్టు లేస్తుంది. ప్రైమర్ పక్కన మసి కారుతుంది. ఖోకా అడుగు దగ్గర వేలికి తగిలీ తగలనట్టు ఉబ్బు వస్తుంది. ఆయన దీపం కింద భూతద్దంతో ఒక్కొక్కటీ చూపించి, వెంటనే తిట్టేవాడు కూడా. "గుర్తు కనపడలేదని ధైర్యపడకు. పిస్తోలు ఆలస్యంగా చెప్తుంది. అది చెప్పేసరికే హద్దు దాటి ఉంటావు. పుస్తకంలో రాసిన కొలతే నీకు దేవుడు. మందు డబ్బా మారిందా, తక్కువ కొలత నుంచి మళ్ళీ మొదలుపెట్టు. మొదలుపెట్టలేనంటే నా కుర్చీలో కూర్చోకు."

ఆయనకో నియమం ఉండేది. ప్రతి కొత్త బ్యాచ్‌లో పేల్చిన మొదటి ఐదు ఖోకాలకు ముఖం కడగకూడదు. మిగతావన్నీ మక్క బెండ్ల, అంటే మొక్కజొన్న కంకి బెండ్ల, పొడి పోసిన డ్రమ్ములో తిప్పి మెరిపించొచ్చు. ఆ ఐదు మాత్రం మసితో, ప్రైమర్‌తో, ఎక్కడ పేల్చారో ఏ తారీఖో రాసిన చీటీతో ఖాళీ ఖర్జూరం డబ్బాలోకి పోవాలి. మా ఊళ్ళో మక్క బెండ్లు పొయ్యిలో పెడతాం. అదే బెండు పొడి డబ్బాల్లో ఇంత దూరం వచ్చి ఇత్తడి తోముతోందని నవ్వుకునేవాణ్ణి.

గురువు రిటైరయ్యి ఐన్ ఖాలిద్‌లో నర్సు చేసే కూతురింటికి వెళ్ళిపోయాడు. గది నా చేతికొచ్చింది. ఆ వెనకే కొత్త మేనేజరు దిగాడు. మన దేశపువాడే, హిందీ మాట్లాడేవాడు. వాడి గోళ్ళలో ఏనాడూ మసి చూడలేదు నేను. వాడికి కావలసిందల్లా మెరుపు. మెంబర్లు తూటాల పెట్టె తెరిచి ఫోటోలు తీసుకోవాలి, అంతే. "సోనా దిఖ్‌నా చాహియే" అనేవాడు, బంగారంలా కనపడాలని. నన్ను అతిథుల ముందు భుజం తట్టి పొగిడేవాడు. నాకూ బాగానే ఉండేది, దాచుకోవడమెందుకు? చీపురు పట్టిన చెయ్యి కదా, పొగిడితే పొంగిపోయింది. పైన పటారం లోన లొటారం అంటారే, అది నేను తోమిన ఇత్తడి కాదు, నేనే.

మెంబర్ల పోటీ వారం ఉందనగా పాత మందు అయిపోయింది. మేనేజరు వేరే రకం మందు డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"సార్, ఇది వేరే మందు. కొలత తగ్గించి, కొంచెం కొంచెం పెంచుకుంట చూడాలె. రెండు మూడు రోజులు పడ్తది" అన్నాను, హిందీలో.

"అరే, మందు మందే. సేమ్ సెట్టింగ్. చలో."

సేమ్ సెట్టింగ్! ఈ రెండు మాటలు ఇప్పుడు తలుచుకున్నా నా పళ్ళు నూరుకుపోతాయి. కుదరదని నేనొక్క మాట అనాల్సింది. అనలేదు. సరే సార్ అన్నాను.

మొదటి ఇరవై తూటాలు నేపాలీ కోచ్ పేల్చాడు, లోపలి రేంజిలో, చల్లటి ఏసీలో. మంచి మనిషి, మాజీ సైనికుడు. నేను చీపురుతో వెళ్ళి చూస్తే కుప్ప పసుపు గీత దాటి రెండు బండలు అవతల పడి ఉంది. దీపం కిందికి తీసుకెళ్ళి చూశాను. ప్రైమర్లన్నీ చదును. గుంట చుట్టూ గట్టు. అడుగు దగ్గర ఉబ్బు వేలికి తెలుస్తోంది. గురువు చెప్పినవన్నీ వరసపెట్టి కూర్చున్నాయి.

పరుగున మేనేజరు దగ్గరికి పోయి అరచేతిలో చూపించాను.

"పిస్తోల్ టూటా క్యా?" అన్నాడు. పిస్తోలు విరిగిందా అని.

"నహీ సార్."

"తో ఫిర్?" మరింకేం అన్నట్టు నా వేళ్ళు తనే మూసి, ఖోకాలు నా గుప్పిట్లో పెట్టి, "జా, చమ్‌కా దే" అన్నాడు. పో, మెరిపించు అని.

పోయాను. మెరిపించాను. ఐదు మాత్రం చీటీతో డబ్బాలో వేశాను. అది ధైర్యమనుకునేరు, కాదు. ఉత్త అలవాటు. బయటికొస్తుంటే కోచ్ ఎదురై, "అంతా ఠీకేనా భాయీ?" అని అడిగాడు. ఠీక్ హై అన్నాను. నా నోట్లో మన్ను పడ, ఆ మాట ఎలా వచ్చిందో నాకు! పోటీకని అదే కొలతతో పెట్టెలకు పెట్టెలు నింపాను.

మూడోరోజు బయటి రేంజిలో ప్రాక్టీసు. జూలై ఎండ. మా డ్రైవరు తూటా పెట్టెలు పికప్‌లో తీసుకెళ్ళాడు. అతనిది గోదావరి జిల్లా. ముఐథర్‌లో మేముండే గదిలో కింది మంచం అతనిది, పై మంచం నాది. శుక్రవారం చేపల పులుసు పెడితే గిన్నె ముందు నాకే అందించేవాడు. అన్నా అంటే అన్నగానే చూశాడు, అదీ నా ఖర్మ. ఆ రోజు అతను పెట్టెలు దించబోతుంటే మేనేజరు ఫోను చేసి, "యల్లా, తొందరగా రా, గెస్టులొచ్చారు, పెద్ద కారు తియ్" అన్నాడు. పికప్ అక్కడే ఎండలో వదిలి అతను పరిగెత్తాడు. గంట తరవాత వచ్చి పెట్టెలు దించాడు.

కోచ్ మూడో తూటా పేల్చగానే వేరే శబ్దం వచ్చింది. పిస్తోలు అడుగు నుంచి మ్యాగజైన్ ఊడి కాళ్ళ మీద పడింది. పిడి పగిలింది. కుడి అరచెయ్యి చీరుకుపోయి, చెంపలో ఇత్తడి ముక్క దిగింది. కళ్ళద్దాలుండబట్టి కన్ను దక్కింది. మేమందరం కొయ్యబారి నిలబడితే, డ్రైవరే తన తువ్వాలు చుట్టి, కోచ్‌ను ఎత్తి బండిలో వేసుకుని ఆస్పత్రికి పోయాడు.

మర్నాడు పొద్దున్నే మేనేజరు నాకు రెండు పనులు చెప్పాడు. మొదటిది, ఆ బ్యాచ్ ఖోకాలన్నీ డ్రమ్ములో వెయ్. వేశాను. గుర్తులన్నీ నా చేతులతో నేనే తోమేశాను, ప్రైమర్లు పీకి పారేశాను. రెండోది, ఒక కాగితం. పైన అరబిక్, కింద ఇంగ్లీషు. "డ్రైవర్ తేరా ఆద్మీ హై. తూ సమ్‌ఝా దే. నీవాడే, నువ్వే నచ్చజెప్పి సంతకం పెట్టించు. రెండో పేరా చదవక్కర్లేదు, వార్నింగ్ అని చెప్పు" అన్నాడు.

ఇంటర్ దాకా చదివినవాణ్ణి. రెండో పేరా నేను చదివాను, మనసులో. అర్థమైంది కూడా.

డ్రైవరు బండి టైర్లకు గాలి చూస్తున్నాడు. నన్ను చూసి లేచాడు.

"ఏం రాశారన్నా అందులో?"

"పెట్టెలు ఎండల ఉన్నయని రాసిండ్రు. వార్నింగే తమ్మీ. ఒక్క సంతకం పెట్టు, అయిపోతది."

"మేనేజరే కదన్నా రమ్మన్నాడు? ఆయన పిలిస్తేనే కదా వెళ్ళాను?"

"గా లొల్లి ఇప్పుడెందుకు? పెట్టరాదు."

"నువ్వు చదివావు కదా, చాల్లే" అని, బానెట్ మీద పెట్టి తెలుగులో సంతకం చేసేశాడు. పెన్ను మూత కూడా తనే పెట్టి నా జేబులో గుచ్చాడు.

రెండు రోజులకు ఆఫీసు నుంచి కబురొచ్చింది. వీసా క్యాన్సిల్, నాలుగో రోజు టికెట్, మళ్ళీ ఈ దేశంలో అడుగుపెట్టడానికి లేదు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా! గదికొచ్చేసరికి డ్రైవరు మంచం మీద కూర్చుని ఉన్నాడు. తిట్టలేదు, కొట్టలేదు. నన్ను చూసి ఒకటే అడిగాడు.

"అన్నా, నువ్వు చదివినప్పుడు వార్నింగే కదా ఉంది? నేను సంతకం పెట్టాక వీళ్ళేమన్నా కాగితం మార్చేశారంటావా?"

అదీ మాట. నేను మోసం చేశానన్న అనుమానం కూడా రాలేదు ఆ మనిషికి. ఆ మంచం కోడుకు తల కొట్టుకుందామనిపించింది. చెప్పులేసుకుని, క్లబ్బుకు పోయి, ఖర్జూరం డబ్బా తీసుకుని ఐన్ ఖాలిద్ బస్సెక్కాను.

గురువు డబ్బా తెరిచి, భూతద్దం పెట్టి, మొదటి ఖోకా చూసి, రెండోదాని జోలికే పోలేదు.

"ఇది చూశాక కూడా నింపావా?"

"నింపిన సార్."

"చూడ్డం రానివాడైతే క్షమించేవాణ్ణి. నీకు నేర్పాను కదరా!" అని బల్ల మీద ఒక్క చరుపు చరిచాడు. లోపల్నుంచి కూతురు పరుగెత్తుకొచ్చింది. ఆమె ముందే మళ్ళీ తిట్టాడు. తిట్టి తిట్టి, చివరికి గొంతు తగ్గించి అడిగాడు. "ఎండ ఎండ అంటున్నారు. ఎండకు ఒత్తిడి కాస్త పెరుగుతుంది, నిజమే. ఈ ఐదూ ఎండ చూశాయా?"

"లేదు సార్. ఏసీల పేల్చినయి. రెండు రోజుల ముందు. చీటీ ఉంది."

"మరి నా దగ్గరెందుకు కూర్చున్నావు?"

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, మర్నాడు క్లబ్బు పెద్దసారు గది ముందు నిలబడ్డాను. ఆయన ఖతరీ, స్వయానా మంచి షూటర్. ఖోకా భాష ఆయనకు నాకంటే బాగా వచ్చు. నాకు వచ్చిన అరబిక్ అంతా కలిపి రెండు ముక్కలు. "డ్రైవర్ మాఫీ గల్తాన్. అనా గల్తాన్." డ్రైవర్ది తప్పు లేదు, తప్పు నాది అని. డబ్బా బల్ల మీద వంచాను.

ఆయన ఐదింటినీ తిప్పి తిప్పి చూశాడు. చీటీ చదివించుకున్నాడు. మేనేజరును పిలిపించాడు. వాడు వస్తూనే నన్నూ డబ్బానూ చూసి, "నాకెప్పుడూ చూపించలేదు సార్ వీడు" అన్నాడు. ఎంత తొణక్కుండా అన్నాడో! నా జన్మలో మనిషిని కొట్టలేదు. ఆ రోజు ఒక అడుగు ముందుకేశాను. పెద్దసారు చెయ్యెత్తి ఆపాడు.

"ఈ బ్యాచ్‌లో మిగతా ఖోకాలేవి?" అని మేనేజరునడిగాడు.

"పాలిష్ అయిపోయాయి సార్."

"యాక్సిడెంట్ తరవాతా? ఎవరు చెప్పారు?"

మేనేజరు నా వైపు చూశాడు. నేను వాడి వైపు చూశాను. పెద్దసారు డ్రైవరు సంతకం చేసిన కాగితం తెప్పించి, దాని మీద అడ్డంగా పెద్ద గీత గీసి, కింద తన సంతకం పెట్టి, "ఇది అతనికే ఇవ్వండి" అన్నాడు. ఖోకాలు ఆయన దగ్గరే ఉండిపోయాయి.

డ్రైవరు ఉద్యోగం నిలబడింది. నింపే గదికి తాళం పడింది. అప్పట్నుంచి క్లబ్బు కంపెనీ తూటాలే కొంటోంది. నా చేతికి మళ్ళీ చీపురొచ్చింది, న్యాయమే. కోచ్‌కు రెండు వేళ్ళు సరిగ్గా ముడవవు. ఆస్పత్రికి పండ్లు తీసుకుని పోతే, "కుప్ప గీత దాటిందా ఆ రోజు?" అని ఒక్కటే అడిగాడు. దాటిందన్నాను. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మేనేజరుకేమైందంటారా? ఒక వార్నింగ్ లెటరిచ్చారు. ఏడాది తిరక్కుండా ఇంకో చోట ఇంకా పెద్ద కుర్చీలో కూర్చున్నాడు. అదీ లోకం, తగలబడ!

కాగితం చేతికందిన రోజే డ్రైవరు గది మారి, అల్ మన్సూరాలో తన జిల్లావాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు దాన్ని ఎవరిచేతో చదివించుకున్నాడని తరవాత తెలిసింది. క్లబ్బులో రోజూ ఎదురుపడేవాళ్ళం. తల ఊపేవాడు, అంతే.

ఏళ్ళు గడిచాయి. నేను రిటైరై ఇంటికొచ్చే రోజు కంపెనీ బండి పంపింది. నడిపేది అతనే. పొద్దుటి విమానం. ఎయిర్‌పోర్టు ముందు బండాపి, ముందరి అర తెరిచి, బండి కాగితాల కిందినుంచి మడత పెట్టిన కాగితమొకటి తీశాడు. మడతల దగ్గర చిరిగిపోతోంది. అడ్డంగా గీత.

"ఆ రోజు చదివి చెప్పారు కదా. ఇవాళ మొత్తం చదవండి."

చదివాను. మొదటి పేరా చదివి, రెండోదాని ముందు ఆగిపోయాను. వెనక బండ్లు హారన్లు కొడుతున్నాయి, పోలీసు యల్లా యల్లా అని చెయ్యూపుతున్నాడు. డ్రైవరు కదల్లేదు. "నా నిర్లక్ష్యం వల్లనే ఒక మనిషి గాయపడ్డాడని ఒప్పుకుంటున్నాను. నా ఉద్యోగం రద్దు చేసి నన్ను ఈ దేశం నుంచి పంపడానికి నాకు సమ్మతమే." తెలుగు చేసి పైకే చదివాను, చివరిదాకా.

"అంతేనా?"

"గంతే తమ్మీ."

"రెండు లైన్లే కదండీ" అన్నాడు.

దిగి నా పెట్టె ట్రాలీ మీద పెట్టాడు. నేను కాగితం తిరిగివ్వబోతే తీసుకోలేదు. "మీ దగ్గరే ఉంచుకోండి. నాకు చదవడం రాదు కదా" అని బండెక్కి వెళ్ళిపోయాడు.

ఆ కాగితం ఇప్పుడు నా బీరువాలో ఉంది. పైవాడు చెప్పినట్టు చేస్తే ఏ లొల్లీ ఉండదనేవాళ్ళు ఎవరైనా సరే, మా ఇంటికి రండి. కూర్చోబెట్టి చదివి వినిపిస్తాను, రెండో పేరాతో సహా.